తలుపు పిడికి తగిలించిన సంచి

"అమ్మాయ్! ఇది తిన్నావా?"

కంచె అవతలి నుంచి ఫునామిజు తాత అరుపుకి నా చేతిలోని ముల్లంగి గింజలు నేల మీదికి జారిపోయాయి. పక్కింటి ముసలాయన. డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నాడు కాబట్టి మామూలుగానే అరుస్తాడు. కాని ఈ అరుపు అలాంటిది కాదు.

ఆయన చేతిలో ఉన్నది, పొద్దున ఎనిమిదింటికి నేను ఆయన తలుపు పిడికి తగిలించి వచ్చిన సంచి.

"ఇంకా లేదు తాతగారూ. సాయంత్రం ఇంకాసిని కోసి గుడ్డులో వేసుకుందామని..."

"బతికిపోయావ్."

రబ్బరు బ్యాండు తీసి పది కాడల్నీ కంచె పైచెక్క మీద వరసగా పరిచాడు. గోటితో ఒకదాన్ని తట్టాడు.

"ఇది చూడు. మొదట్లో ఎర్రగా ఉందా? ఇది నేను నీకిచ్చిన కొండవెల్లుల్లి. మరి ఇది చూడు. తెల్లగా, లావుగా, నిగనిగలాడుతూ. ఇదేంటి?"

"అదీ కొండవెల్లుల్లే కదండీ. వాసన కూడా..."

"వాసన నీ చేతిది! నీ కత్తిది! వెల్లుల్లితో కలిపి కడితే గడ్డిపరక కూడా వెల్లుల్లి వాసనే కొడుతుంది!" ఆయన కాడల్ని రెండు కుప్పలుగా జరిపాడు. "మూడు నావి. ఏడు యముడివి. పిచ్చికుంకుమ ఆకు ఇది. ఆకురాలే కాలంలో ఒక్క ఆకూ లేకుండా మట్టిలోంచి ఊదారంగు పువ్వు పొడుచుకొస్తుందే, దానిది. ఉడకబెట్టినా పోదు, వేయించినా పోదు. విరుగుడు లేదు దీనికి."

నాకు ఆ పువ్వులు గుర్తొచ్చాయి.

పోయిన అక్టోబర్లో ఈ ఇల్లు అద్దెకు తీసుకున్న రోజున, గోడ పక్కన ఉత్త నేలలోంచి పది పన్నెండు ఊదారంగు పువ్వులు లేచి ఉన్నాయి. అంతకు ముందు ఉన్నవాళ్ళు ఎప్పుడో పాతిన దుంపలు. ఎంత బాగున్నాయో అనుకున్నాను. వారం తిరక్కుండా వాడిపోయాయి. ఆ తర్వాతే తాత బుట్టెడు కొండవెల్లుల్లి వేళ్ళు తెచ్చిచ్చి, "వసంతంలో మొదటి ఆకు నీదే" అన్నాడు. గోడ పక్కన మట్టి మెత్తగా ఉంది. అక్కడే పాతాను. గుర్తుకి ఒక పుల్ల గుచ్చాను.

ఆ శీతాకాలం కప్పు మీది మంచు జారి ఆ గోడ పక్కనే నిలువెత్తు కుప్ప పడింది. మంచు కరిగాక పుల్ల గేటు దగ్గర దొరికింది. గోడ పొడుగునా ఆకు దట్టంగా లేచింది. అంతా నేను పాతిందే పిలకలు వేసిందనుకున్నాను. మురిసిపోయాను.

"ఇంకెవరికిచ్చావ్?" తాత అడిగాడు.

"ఎదురింటి సవాబెగారికి పది. పార్లర్ యోషియెగారికి పది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. తగిలించి వచ్చేశాను."

ఈ కమినాయ్ ఊళ్ళో ఎవరి పెరట్లో ఏది పండినా అలాగే ఇస్తారు. గంట కొట్టరు. కొడితే అవతలివాళ్ళు బయటికి రావాలి, వంగి దణ్ణం పెట్టాలి, తిరిగి ఇవ్వడానికి ఇంట్లో ఏముందో వెతుక్కోవాలి. ఆ ఇబ్బంది పెట్టకూడదు. సంచి తలుపు పిడికి తగిలించి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోవాలి. అందుకున్నవాళ్ళు కూడా దాన్ని ఒక్కళ్ళే తినరు. అందులో సగం ఇంకో గుమ్మానికి వెళ్తుంది. మొదటిది నాకు తెలుసు. రెండోది ఆ క్షణంలో తట్టలేదు.

"ఫోన్ చెయ్, నిలబడతావేం!" అన్నాడు తాత. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఆయన చెవులకి ఫోన్ వినపడదు. నాకు ఫోన్ లేదు. ఉంది, బియ్యం డబ్బాలో. స్విచ్ తీసేసి పదహారు నెలలైంది.

తొమ్మిదేళ్ళు సప్పొరోలో ఒక కిరోసిన్ కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తాను. బయట మైనస్ పదిహేను. బండి రాలేదు, ట్యాంకు ఖాళీ, ఇంట్లో పసిపిల్ల, ఇంట్లో మంచాన పడ్డ అమ్మ. రోజుకి ఎనభై గొంతులు. వాళ్ళ మాట పూర్తికాకముందే నేను క్షమించమనేదాన్ని. జనవరిలో ఒక పొద్దున ఫోన్ మోగింది, నా చెయ్యి లేవలేదు. బల్ల మీద ఎవరిదో చెయ్యి పడి ఉన్నట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పట్నుంచి ఏ ఫోన్ మోగినా ఊపిరి మూసుకుపోతుంది, వేళ్ళు మొద్దుబారతాయి.

డాక్టరమ్మ రెండు మాత్రలు రాసి, మిగతాదంతా చీటీ మీద రాసిచ్చింది. లేవగానే గోరువెచ్చటి నీళ్ళు. రోజూ అరగంట మట్టిలో చేతులు. మూడు పూటలా సొంతంగా వండుకున్న తిండి. సాయంత్రం భుజాలు మునిగేదాకా వేడినీళ్ళ తొట్టిలో స్నానం. వారానికి ఒకసారైనా ఒక మనిషికి మొహం చూపించడం. ఇంత చదువుకుని ఈ చీటీ రాసిందా అనుకున్నాను. ఫ్రిజ్ తలుపుకి అంటించి, చెప్పినట్టు చేశాను. మార్చి వచ్చేసరికి తెల్లారేదాకా నిద్రపట్టడం మొదలైంది.

పొద్దున కోసిన ఆ ముప్ఫై కాడలే నేను బాగుపడ్డానని ఊరికి చెప్పుకున్న మొదటి మాట.

కంచె ఎక్కి దూకాను.

*

ఎదురింటి ముందు పొగ లేస్తోంది.

మే నెల మొదటి శనివారం. మంచు పోయాక ఎండ కాసిన మొదటి సెలవు. ఆ రోజు ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ బొగ్గుల కుంపటి వెలుగుతుంది, గొర్రె మాంసం కాలుతుంది. మాంసంతో పాటు పెనం మీద పడేది కొండవెల్లుల్లి ఆకే. అది లేకపోతే వసంతం రానట్టే లెక్క.

సవాబె పెనం మీద మాంసం తిప్పుతున్నాడు. ఆయన భార్య మియో పళ్ళేలు సర్దుతోంది. ఆరేళ్ళ కూతురు హారు చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో ఆకుపచ్చగా, నిగనిగలాడే ఆకు. నోటి దగ్గర.

"హారూ! వద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల బెదిరి నోరు తెరిచింది. ఆకు లాగేశాను. రెండో చేత్తో పెనం అంచు పట్టుకుని తోసేశాను. మాంసం, ఉల్లిపాయలు, నిప్పులు, అన్నీ గచ్చు మీదికి దొర్లిపోయాయి. అరచెయ్యి చుర్రుమంది. పిల్ల ఏడుపు అందుకుంది.

"మతి పోయిందా మీకు?" సవాబె పటకారు చేత్తోనే లేచాడు. "పిల్ల పక్కన నిప్పులు తోస్తారా? మియో, చెప్పానా నీకు, ఈవిడ మామూలు మనిషి కాదని?"

"తిన్నారా? ఎవరైనా తిన్నారా? ఆ ఆకు నమిలావా హారూ?"

"లేదు," అంది పిల్ల ఎక్కిళ్ళ మధ్య. "నాన్న కాల్చి పెడతానన్నాడు."

"అది విషం," అన్నాను. "నేనిచ్చింది విషం. తెలియక ఇచ్చాను."

పటకారు కిందికి దిగింది. మియో కూతురు నోట్లో వేలు పెట్టి వెతికింది, నాలుక తుడిచింది, మళ్ళీ వెతికింది. నేను గచ్చు మీద పాకుతూ ఆకులు ఏరాను. ఒకటి, రెండు, మూడు. పెనం కింద ఒకటి. హారు చేతిలోది ఒకటి.

ఐదు.

"మియోగారూ, నేను పది కట్టాను. మిగతా ఐదు?"

ఆమె మొహంలో రంగు దిగిపోయింది. "సగం ఇచ్చేశానండి. పొద్దున తొమ్మిదిన్నరకి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తూ... యోషియెగారికి."

యోషియెకి నేనిచ్చినవి పది. వాటి మీద ఇవి ఐదు.

"పార్లర్ నంబరుందా? ఫోన్ చెయ్యండి. తినొద్దని చెప్పండి!"

మియో చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. "డ్రయ్యర్ నడుస్తుంటే ఆవిడకి వినపడదు," అంది. "సైకిల్ తీసుకెళ్ళండి. నేను మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటాను."

సవాబె కారు వైపు చూశాను. "బీరు తాగాను," అన్నాడు తల దించుకుని. మియో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని ఉంది.

వెనక పిల్ల సీటున్న సైకిల్ అది. తొక్కాను.

*

యోషియె ఎవరో చెప్పకపోతే ఆ పది నిమిషాలు నాకెలా గడిచాయో అర్థం కాదు.

కమినాయ్‌కి వచ్చిన మూడో వారంలో, చీటీలో చివరి మాట కోసం, ఎవరో ఒకరికి మొహం చూపించాలని ఆమె పార్లర్ తలుపు తోశాను. నెలన్నరగా నీళ్ళు తగలని జుట్టు. అరవై ఒక్కేళ్ళ మనిషి, పొట్టిగా, బండగా, పెదాలకి ఎర్ర రంగుతో. నన్ను ఎగాదిగా చూసి, "కూర్చో," అంది. మూడుసార్లు తల రుద్దింది. ఎక్కణ్ణుంచి వచ్చావు, ఏం చేస్తావు, పెళ్ళయిందా, ఏదీ అడగలేదు. చివర్న తువ్వాలు చుట్టి, "వచ్చే గురువారం మళ్ళీ రా. ఈ తలని వదిలేస్తే నా పేరు పోతుంది," అంది. అప్పట్నుంచి ప్రతి గురువారం వెళ్ళాను. ఆమె వేళ్ళు తల మీద తిరుగుతుంటే ఆ అరగంట నా బుర్రలో ఏ ఫోనూ మోగేది కాదు.

శీతాకాలమంతా జారకుండా రోడ్డు మీద చల్లిన ఇసుక ఇంకా ఊడ్వలేదు. పోస్టాఫీసు మలుపులో చక్రం జారి మోకాలి మీద పడ్డాను. లేచి మళ్ళీ తొక్కాను. తినలేదు, తిని ఉండదు, రాత్రికి దాచుకుని ఉంటుంది. తొక్కే ప్రతి తొక్కుకీ అదే మాట.

తలుపు తోసేసరికి నాలుగూ పది.

డ్రయ్యర్ కింద నొరికో బామ్మ, తలనిండా చుట్టలతో, పత్రిక చదువుతోంది. యోషియె దువ్వెనలు కడుగుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏంటే, ఇవాళ గురువారం కాదే! మోకాలికి ఆ రక్తమేంటి? సైకిల్ తొక్కడం మర్చిపోయావా?"

"ఆకు తిన్నారా?"

"తిన్నానా అని అడుగుతావేంటి, వాసన రావట్లేదూ? పదకొండున్నరకి గుడ్డుతో వేయించుకుని, అన్నం మీద వేసుకుని... అబ్బ, ఏం ఆకే తల్లీ, నోట్లో వెన్నలా కరిగింది."

"ఎన్ని?"

"అన్నీ."

ఆమె దువ్వెన దులిపింది.

"మియో కూడా తెచ్చిచ్చింది కదా. పదిహేనయ్యాయి. సగం నొరికో బామ్మకి ఇద్దామని పక్కన పెట్టాను కూడా. మళ్ళీ మనసొప్పలేదు. నీ చేతి మొదటి పంట కదే. ఇంకొకరికి పంచబుద్ధి కాలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి వచ్చింది పంచకుండా నేనే తినేశాను. పాపం తగులుతుందంటావా?"

చెప్పాను. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. తాత, ఎర్ర కాడ, తెల్ల కాడ, ఊదారంగు పువ్వు, విరుగుడు లేదు. ఆమె దువ్వెన తుడుస్తూ విన్నది. తుడవడం ఆపలేదు.

"చచ్చేదాన్నైతే ఈపాటికే చచ్చేదాన్ని," అంది. "చూడు, గుండ్రాయిలా ఉన్నాను."

"వెంటనే తెలియదట. ఐదు గంటలు, పది గంటలు పడుతుందట. ఆసుపత్రికి పదండి. అంబులెన్సు పిలవండి."

"నేను పిలవను."

"యోషియెగారూ!"

ఆమె నా మణికట్టు పట్టుకుని బామ్మకి వినపడకుండా మూలకి లాగింది.

"విను. నేను ఫోన్ చేశాననుకో. ఆరోగ్యశాఖవాళ్ళు వస్తారు. పోలీసులొస్తారు. నీ పెరడు తవ్వుతారు. రేప్పొద్దున్న ఈ ఊళ్ళో ఏమంటారో తెలుసా? 'సప్పొరో నుంచొచ్చిన ఆ మతి చెడిన పిల్ల విషం పెట్టింది' అంటారు. నాలుగు వాంతులైతే నేను తట్టుకుంటాను. ఆ మాట నువ్వు తట్టుకోలేవు. ఇప్పుడిప్పుడే లేచి నిలబడ్డావ్. నోరు మూసుకుని ఇంటికి పో. కాసిని వేణ్ణీళ్ళు తాగి పడుకుంటాను."

"మీరు చచ్చిపోతారు."

"పోతే పోతాను. కేకలు పెట్టకు, బామ్మ బెదురుతుంది."

గోడకి ఫోన్ ఉంది. లేత ఆకుపచ్చ రంగుది, మెలికల తీగతో. అప్పుడే మోగడం మొదలెట్టింది. మియో అయ్యుంటుంది. నా గొంతు మూసుకుపోయింది. వేళ్ళ చివర్లు చచ్చుబడ్డాయి.

బయటికి పరిగెత్తాను. గుమ్మం పక్కన పూలకుండీ ఉంది. మోకాళ్ళ మీద పడి రెండు చేతులూ మణికట్టు దాకా మట్టిలోకి దింపాను. చల్లటి మట్టి, తడి మట్టి. డాక్టరమ్మ చెప్పినట్టు మట్టిని పిసుకుతూ పది లెక్కపెట్టాలి. శీతాకాలమంతా వంటింట్లో తొట్టెడు మట్టి పెట్టుకుని అలాగే గట్టెక్కాను. ఒకటి. రెండు. మూడు.

పనిచెయ్యలేదు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఒకటి. రెండు. లోపల ఫోన్ మోగుతూనే ఉంది. పదిహేను కాడలు. ఐదు గంటలు. నాలుగు దగ్గర లెక్క తప్పింది. ఎంత పిసికినా అది ఉత్త మట్టే. ఊపిరి ఆడలేదు. ఆడకుండానే లేచాను.

లోపలికి వెళ్ళేసరికి ఫోన్ ఆగిపోయింది. మట్టి చేతుల్తోనే ఎత్తాను. వేళ్ళకి స్పర్శ లేదు, అంకెల్ని కళ్ళతో చూసుకుంటూ నొక్కాను. ఒకటి, ఒకటి, తొమ్మిది.

"మంటలా? అంబులెన్సా?" అడిగింది ఒక గొంతు.

నోరు తెరిచాను. మాట రాలేదు.

"తమాకీ, పెట్టెయ్," అంది యోషియె వెనక నుంచి.

"తొందరేం లేదండి. నెమ్మదిగా చెప్పండి. నేను వింటున్నాను," అంది ఫోన్‌లో గొంతు.

ఆ మాట తొమ్మిదేళ్ళు రోజుకి ఎనభైసార్లు నేనన్నాను. ఇవతలి చెవిలో అదెలా ఉంటుందో ఎప్పుడూ తెలియలేదు. 

"అంబులెన్సు. పిచ్చికుంకుమ ఆకు తిన్నారు. కొండవెల్లుల్లి అనుకుని. అరవై ఒక్కేళ్ళ ఆడమనిషి. పదకొండున్నరకి. పదిహేను కాడలు, అందులో ఎన్ని విషమో తెలియదు, సగానికి పైనే అనుకోండి. ఇచ్చింది నేను. నా పేరు కురమొచి తమాకి."

పెట్టేసి తిరిగాను. యోషియె నా వైపే చూస్తోంది.

"ఫోన్ పట్టుకున్నావే!" అంది. తర్వాత కుర్చీలో మెల్లగా కూలబడింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. నుదుటి మీద చెమట.

"తమాకీ... ఆ బకెట్టు ఇటు అందుకో."

డ్రయ్యర్ కింద నుంచి నొరికో బామ్మ తల బయటపెట్టింది. "ఏమిటీ గొడవ? నా చుట్టలు తీసేదెవరూ?"

*

విరుగుడు లేదని తాత అన్నది నిజమే.

నగరంలోని పెద్ద ఆసుపత్రిలో బొగ్గుపొడి కలిపిన నల్లటి నీళ్ళు తాగించారు, సెలైన్లు ఎక్కించారు. "తిన్న కొద్ది గంటల్లోనే తెచ్చారు, అదొక్కటే మన చేతిలో ఉన్నది," అన్నాడు కుర్ర డాక్టరు. "అసలు గండం ఇప్పుడు కాదు. రెండో రోజు, మూడో రోజు. గుండె, మూత్రపిండాలు, రక్తం. వారం దాటితే మాట్లాడుకుందాం."

రెండో రోజు ఆమె రక్తపోటు పడిపోయింది. మూడో రోజు మనిషిని గుర్తుపట్టలేదు. గాజుతలుపు ఇవతల బెంచీ మీద కూర్చుని నేను ఒక్కటే లెక్కపెట్టుకున్నాను. పదిహేనులో ఎన్ని? తాత కట్టలో మూడు మంచివి, ఏడు చెడ్డవి. మియో ఐదింటిలో ఒకటి మంచిది, నాలుగు చెడ్డవి. మిగతా పదిహేనులో ఎన్ని? కోసిన చెయ్యి నాదే. గుర్తు రాదు.

ఆరోగ్యశాఖ ఆయన వచ్చి గోడ పక్కన ఆకులు సంచుల్లో వేసుకున్నాడు. అడిగినవాటికల్లా జవాబు చెప్పాను. కాగితం మీద నా పేరు రాయలేదు, "నలభైల్లో ఉన్న స్త్రీ, సొంత పెరట్లో కోసి పంచగా" అని రాశాడు. కమినాయ్‌లో నలభైల్లో ఉండి పెరట్లో తవ్వుకునే ఒంటరిది ఎవరో అందరికీ తెలుసు. యోషియె చెప్పినట్టే అన్నారు. దుకాణంలో నేను లోపలికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఆ వసంతంలో ఏ తలుపు పిడికీ ఏ సంచీ వేలాడలేదు. నా వల్ల ఊరు ఊరంతా ఆకు చూసి భయపడింది.

ఫునామిజు తాత దుంపలన్నీ తవ్వి తగలబెట్టాడు. తన పెరట్లో వేసిన మొక్కలు కూడా పీకేశాడు. "వేళ్ళిచ్చింది నేను. ఎక్కడ పాతావో వచ్చి చూడాల్సింది. చూడలేదు. నాదీ పాపమే," అన్నాడు. ఆ రోజు ఆయన అరవలేదు.

నేను పెరటికి నీలం పట్టా కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. ఫ్రిజ్ మీది చీటీ చింపేశాను. పొద్దున బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళడం, సాయంత్రం బస్సెక్కి రావడం. తినాలనిపించేది కాదు. తొట్టిలో నీళ్ళు పట్టుకోలేదు. ఆమె పోతే నేనూ ఉండననుకున్నాను. ఎలా అన్నది కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

వారం దాటింది. ఎనిమిదో రోజున కుర్ర డాక్టరు మొదటిసారి కూర్చుని మాట్లాడాడు. పన్నెండో రోజున ఆమెను వార్డులోకి మార్చారు. పదమూడో రోజున నర్సు వచ్చి, "హిరోసాకా యోషియెగారు మిమ్మల్ని రమ్మంటున్నారు," అంది.

మంచం మీద సగమైపోయిన మనిషి. పెదాలకి రంగు లేదు. నేను తలుపు దగ్గరే నిలబడి వంగాను. తల లేవలేదు.

"అక్కడ నిలబడి నేలకి దణ్ణం పెడతావేంటి. ఇటు రా."

వెళ్ళాను. అప్పుడు చూశాను. దిండు నిండా జుట్టు. నల్లరంగు వేసిన పొడుగాటి పాయలు, చెవుల దగ్గర, మెడ మీద, దుప్పటి మీద.

"ఆ విషం చేసే పనేనట," అంది. "మళ్ళీ వస్తుందంటున్నాడు, ఎప్పుడో మాత్రం చెప్పడు." ఒక పాయ పట్టుకుని లాగింది. నొప్పి లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. "నలభై ఏళ్ళు ఊరందరి తలలూ చూశాను. నా తల చూడ్డానికి మనిషి లేదు. ఆ నర్సు పిల్ల గొరుగుతానంటోంది. నేను ముట్టుకోనివ్వను. దాని జుట్టు చూశావా, అదే వంకరగా ఉంది. నువ్వు తియ్యి."

"నేనా? ఈ చేతులతోనా?"

"నీ చేతులకేమొచ్చింది? రెండున్నాయి కదా." ముక్కు ఎగబీల్చింది. "చేతుల సంగతి తర్వాత. ముందు నువ్వు కంపు కొడుతున్నావ్. ఒంటి మీద నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళైంది?"

"తెలీదు."

"తిని?"

నేను దిండు మీది వెంట్రుకలు ఏరసాగాను.

"తోట?"

"పట్టా కప్పేశాను. ఇక ముట్టుకోను."

యోషియె నన్ను చూసింది. కోపం వస్తే ఆ కళ్ళు అప్పటిలాగే ఉన్నాయి.

"ఒసేయ్, నేను ఇంత చావు చచ్చి, ఈ బోడిగుండుతో బతికి బయటపడింది, నువ్వు మళ్ళీ పాచిపట్టిన తలతో నా గుమ్మంలో నిలబడ్డానికా? కారిడార్ చివర స్నానాలగది ఉంది. తువ్వాలు నా బీరువాలో ఉంది. పో, శుభ్రంగా తోముకుని రా. వచ్చేటప్పుడు కింద అంగట్లో అన్నం ఉండలు రెండు కొనుక్కుని నా ఎదురుగా కూర్చుని తిను. అప్పుడు జుట్టు తీసే మిషన్ పట్టుకో."

"యోషియెగారూ, నన్ను తిట్టండి. నిజంగా తిట్టండి."

"తిడుతున్నాను కదే! ఇంకెలా తిట్టాలి?"

స్నానం చేశాను. వేడినీళ్ళ కింద ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఏడిస్తే ఎవరికీ వినపడలేదు. అన్నం ఉండలు రెండూ ఆమె ఎదురుగానే తిన్నాను. మొదటిది గొంతు దిగలేదు. ఆమె నీళ్ళ గ్లాసు తోసింది.

తర్వాత ఆమె భుజాల చుట్టూ తువ్వాలు కప్పాను. ఆసుపత్రివాళ్ళ మిషన్ చేతిలో గుర్రుమంది. 

"వెనక నుంచి మొదలుపెట్టు," అంది. "మెడ దగ్గర్నుంచి పైకి. నొక్కకు, అదే పోతుంది. ఆఁ, అలాగే. చెవి మడువు. మడవమంటే పీకమని కాదు."

జుట్టు నా చేతుల మీదుగా రాలుతోంది. కింద తెల్లటి నెత్తి బయటపడుతోంది, చిన్నపిల్లల నెత్తిలా మెత్తగా. ఆమె కళ్ళు మూసుకుంది. రెప్పల కింద తడి.

"కుడివైపు వంకర పోతోంది," అంది కళ్ళు తెరవకుండానే.

"కదలకండి," అన్నాను.